భూగోళం బాధ్యత ఏడో తరగతి 'బి' సెక్షన్‌ది

మన గాలిని, నీటిని కాపాడటానికి కేంద్రంలో ఒక మంత్రిత్వ శాఖ, ప్రతి రాష్ట్రంలో ఒక కాలుష్య నియంత్రణ మండలి, వీటన్నిటి చెవి మెలిపెట్టడానికి హరిత ట్రిబ్యునల్ ఉన్నాయి. అయినా వాళ్లనెవరినీ ఇబ్బంది పెట్టడం మర్యాద కాదని, భూగోళాన్ని కాపాడే పనిని ఏడో తరగతి 'బి' సెక్షన్‌కి అప్పగించి మనం నిశ్చింతగా ఉన్నాం.

ఆ సెక్షన్ వాళ్లు పనిమంతులు. చార్టు మీద భూమిని గుండ్రంగా గీసి, కళ్లు పెట్టి, ఒక కంట నీళ్లు కారుస్తారు. నోట్లో థర్మామీటరు పెడతారు. కింద 'నన్ను కాపాడండి' అని రాసి గోడకు అంటిస్తారు. తర్వాత బడి వాళ్లను ఎండలో నిలబెట్టి ర్యాలీ తీస్తుంది. ముందు మైకు కట్టిన డీజిల్ ఆటో, వెనక 'కాలుష్యాన్ని అరికడదాం' అంటూ పిల్లలు. ఆటో వదిలే పొగ ఎవరి ముక్కులోకి పోతుందో చెప్పడానికి సైన్సు మాస్టారు అక్కర్లేదు.

ప్రాజెక్టుల సంగతి మరీ రసవత్తరం. 'శిలాజ ఇంధనాలు వద్దు, పవన విద్యుత్తు ముద్దు' అనే అంశానికి పిల్లవాడు గాలిమర చేసుకురావాలి. రాత్రి తొమ్మిదింటికి ఆ విషయం బయటపెడతాడు. నాన్న బండి తీసి పెట్రోలు కాల్చుకుంటూ స్టేషనరీ షాపుకి వెళ్లి, థర్మోకోల్ షీటు తెస్తాడు. థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్. అది పుట్టేది ముడిచమురు నుంచి. దాని మీద పచ్చగా పూసే ప్లాస్టిక్ రంగుదీ అదే వంశం. క్రేయాన్లలోని పారాఫిన్ మైనానిదీ అదే వంశం. వెనక వేలాడదీసే ఫ్లెక్సీ పీవీసీ. అది ఆ ఇంటి అల్లుడు. పెట్రోలియం మానేయమని చెప్పడానికి ఇంత పెట్రోలియం వాడే ప్రజలు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారా?

2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మోకోల్‌ని, 100 మైక్రాన్లకన్నా పలచటి పీవీసీ బ్యానర్లని దేశమంతటా నిషేధించారు. మా గాలిమర అలంకరణ కాదు, విజ్ఞానం అని బడులు వాదించుకోవచ్చు. అది ఒక్క యూనిట్ కరెంటు కూడా ఇవ్వదు గనుక అలంకరణే అని నా తీర్పు.

ఇదంతా బళ్ల తప్పు కాదు. 1991 నవంబరు 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బళ్లలో తప్పనిసరి పాఠం చేయమంది. సినిమా హాళ్లు ప్రతి ఆటలో పర్యావరణం మీద ఉచితంగా స్లైడ్లు వేయాలని కూడా చెప్పింది. సినిమా హాళ్ల సంగతి మీకు తెలిసిందే. బళ్లు మాత్రం మాట విన్నాయి. ఎంతగా విన్నాయంటే, జూన్ 5న పర్యావరణ దినోత్సవం వేసవి సెలవుల్లో పడి, మన రెండు రాష్ట్రాల్లో బళ్లు జూన్ 12న గానీ తెరవకపోయినా, సెలవుల్లోనే నలుగురు పిల్లల్ని పిలిపించి మొక్కతో ఫొటో దిగే ప్రధానోపాధ్యాయులున్నారు. మొక్కకు నీళ్లు పోసేవాళ్లు మాత్రం బడి తెరిచాకే వస్తారు.

సరే, పాఠంలో ఏం చెబుతున్నాం? బొగ్గు తరిగిపోయే వనరు, సూర్యుడు తరగని వనరు. రెండు మార్కులు. గది వదిలేటప్పుడు ఫ్యాను ఆపాలి. ఇంకో మార్కు. మంచిదే, ఆపమనండి. కానీ ఆ ఫ్యాను తిప్పేదెవరో లెక్క చెప్పామా? మన బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు మూడింట రెండొంతుల కిలో బొగ్గు కాలుతుంది. 500 మెగావాట్ల థర్మల్ యంత్రం ఒక్కటి రోజంతా పూర్తిగా నడిస్తే కోటీ ఇరవై లక్షల యూనిట్లు. అంటే రోజుకు దాదాపు 8 వేల టన్నుల బొగ్గు, రెండు గూడ్సు రైళ్ల సరుకు. మన బొగ్గులో మూడో వంతు బూడిదే కాబట్టి రెండున్నర వేల టన్నులకు పైగా బూడిద. ఇది ఏడో తరగతి గుణకారమే. అయినా మన గణితం పుస్తకాల్లో రాము ఇప్పటికీ మామిడిపళ్లే కొంటున్నాడు.

కొండపల్లి దేనికి ప్రసిద్ధి అని క్విజ్‌లో అడిగితే బొమ్మలకు అని పిల్లలు ఠక్కున చెబుతారు. పక్కనే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ఉందని, దానికి బూడిద చెరువులున్నాయని, ఆ బూడిద లారీలెక్కి ఊళ్ల మీదుగా పోతుందని క్విజ్ అడగదు. పాల్వంచలో, రామగుండంలో, పరవాడలో బడికి వెళ్లే పిల్లలకు ఈ పాఠం పుస్తకంలో దొరక్కపోయినా, డాబా మీద ఆరేసిన బట్టల మీద దొరుకుతుంది.

ఇక గడువుల ముచ్చట. ప్రాజెక్టు సోమవారం ఇవ్వాల్సింది మంగళవారం ఇస్తే పిల్లకు మార్కులు కోత, పైగా డైరీలో ఎర్రసిరా. థర్మల్ కేంద్రాల పొగలో గంధకపు వాయువుకు 2015 డిసెంబరులో కేంద్రం హద్దు పెట్టింది; అంటే దాన్ని పట్టే పరికరాలు పెట్టుకోవాలి. గడువు రెండేళ్లు. 2017లో పెట్టలేదు; 2022 దాకా ఆగుదాం అన్నారు. 2022 వచ్చింది, ఇంకొంచెం ఆగుదాం అన్నారు. మళ్లీ ఆగారు. 2025 జూలైలో, దేశంలోని థర్మల్ యూనిట్లలో అత్యధిక భాగానికి అసలా పరికరమే అక్కర్లేదని తేల్చేశారు. ఈ పద్ధతి మా పిల్లలకు తెలిస్తే ప్రాజెక్టు పదేళ్లు వాయిదా వేసి, చివరికి ఆ సబ్జెక్టునే రద్దు చేయించుకునేవాళ్లు.

రద్దు అంటే గుర్తొచ్చింది, అదీ జరిగింది. కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గిస్తున్నామని ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సులోంచి కొన్ని అధ్యాయాలు తీసేసింది. వాటిలో ఒకటి శక్తి వనరులు. ఇంకొకటి సహజ వనరుల యాజమాన్యం. పిల్లల వీపు మీద బరువు చూసి జాలిపడ్డవాళ్లు సంచిలోంచి తీసినవి సరిగ్గా ఈ రెండూ! భూమిని కాపాడమని ఏడో తరగతిలో ఒట్టు వేయించుకుని, ఎలాగో చెప్పాల్సిన పాఠాన్ని పదో తరగతిలో దాచేశాం.

శుభ్రమైన ఇంధనం గురించి చెప్పే తీరూ భజనే. సౌరవిద్యుత్తు మంచిది, పొగ రాదు, జై సూర్యదేవా. ఎవడో ఒక పిల్లవాడు లేచి 'రాత్రి పూట ఎలా సార్?' అంటాడు. తరగతి మొత్తానికి అదొక్కటే అసలైన ప్రశ్న. 'కూర్చో, సిలబస్ అయిపోవాలి' అని జవాబు. నిజానికి జవాబు మన దగ్గరే ఉంది. గని, శకునాల ఊళ్ల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు ఉంది. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో నీటిని కిందికి వదిలి కరెంటు తీయడమే కాదు, కరెంటు మిగిలినప్పుడు అవే యంత్రాలతో నీటిని తిరిగి పైకి తోడి దాచుకునే ఏర్పాటూ ఉంది. పగటి సౌర కరెంటును రాత్రికి దాచే దారి అదే. పిల్లల్ని విహారయాత్రకి శ్రీశైలం తీసుకెళ్లి గేట్లు ఎన్నో లెక్కపెట్టించి వెనక్కి తీసుకొస్తాం. సౌర పార్కుకి పోయిన అన్ని ఎకరాల నేల ఎవరిది, సౌర పలకల ఆయుష్షు తీరాక ఆ చెత్త ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నలూ వాళ్లకు రావాలి. ప్రశ్న తట్టని సౌరభక్తి కూడా మూఢభక్తే.

'పసివాళ్లు, ఇవన్నీ చెబితే భయపడతారు' అంటారు కొందరు పెద్దలు. భూమి ఏడుస్తోందని, మంచు కరిగి ఎలుగుబంటి చచ్చిపోతోందని, తప్పంతా నువ్వు ఆపని ఫ్యానుదేనని చెప్పినప్పుడు లేని భయం, లెక్క చెబితే వస్తుందా? భయపడేది పిల్లలు కాదు. లెక్క తెలిసిన పిల్ల ఇంటికొచ్చి నాన్ననీ, ఊళ్లో ఎమ్మెల్యేనీ నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ఆ భయం మనది.

కాబట్టి మాస్టార్లకు, అమ్మానాన్నలకు ఒక విన్నపం. ఈసారి ప్రాజెక్టుకి థర్మోకోల్ కొనకండి. ఇంటి కరెంటు బిల్లు ఇచ్చి పంపండి. ఎన్ని యూనిట్లు కాల్చామో, ఎంత బొగ్గు అయిందో, ఇంధన సర్దుబాటు చార్జీ అంటూ మీ నుంచి దేనికి వసూలు చేస్తున్నారో పిల్లల్నే లెక్క కట్టమనండి. మీ జిల్లాలో కరెంటు ఎక్కడ పుడుతుందో, ఆ పొగ ఏ ఊరి మీదికి పోతుందో పటంలో గుర్తించమనండి. గేటు దగ్గర పిల్లల కోసం అరగంట కారు ఇంజను ఆపకుండా ఏసీలో కూర్చున్నది ఎవరో కూడా రాయమనండి. పేర్లతో సహా. మార్కులు వాళ్లకు వేయండి, సిగ్గు మనం పడదాం. భూమిని కాపాడే పని ఓటున్నవాళ్లది. పదమూడేళ్ల పిల్లకు ఓటు లేదు.