దుప్పటి టాలీ కాలేదు

నేల మీద పరిచాక విషయం బయటపడింది. దుప్పటి ఒక చివర డబుల్ కాట్‌కు సరిపోయేలా ఉంది, రెండో చివర సింగిల్ కాట్‌కే బొటాబొటి. “రాత్రి కాళ్లెటు పెట్టుకోవాలో ముందే చెప్పు, నిద్రలో గొడవెందుకు?” అన్నాడు భర్త. ఆవిడ పలకలేదు. సర్వీసంతా బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చుని, సాయంత్రానికి పైసాతో సహా లెక్క తేల్చిన మనిషి. రిటైరయ్యాక క్రోషియా సూది పడితే 120 కుట్లు నిలవనంటున్నాయి.

మొదటి అనుమానం ఊలు మీద. తర్వాత సూది మీద. ఆ పైన ప్యాటర్న్ రాసినవాళ్ల మీద. వాళ్లు ఎదురుగా లేరు కాబట్టి కేసు చాలాకాలం అక్కడే నిలిచింది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అమెరికాలో ‘డబుల్’ అనే కుట్టును బ్రిటన్‌లో ‘ట్రెబుల్’ అంటారు. బ్రిటన్ వాళ్ల ‘డబుల్’ అమెరికాకు ‘సింగిల్’. ఏ దేశం లెక్కో ముందే చెప్పని ప్యాటర్న్‌ను నమ్మి ఊలు కొనడం సాహసమే. కానీ ఆ పొరపాటుకు అల్లిక అణిగిపోతుంది తప్ప దుప్పటి వాలుగా పోదు. ముద్దాయి వేరే.

ఆవిడ ఎంచుకున్నది గట్ల మధ్య గళ్లు పడే వాఫిల్ అల్లిక. 122 గొలుసులు వేస్తే పైన 120 కుట్లు. గట్లు లేవాలంటే సూదిని కింది కుట్టు నెత్తిన గుచ్చకుండా నడుం చుట్టూ తిప్పి తీయాలి. అప్పుడా కుట్టు నెత్తి గట్టు వెనక దాక్కుంటుంది. దాన్ని వదిలేయాలి. జాలిపడి అందులోనూ ఒకటి వేస్తే కుట్లు పెరుగుతాయి, కంగారులో పక్కదాన్నీ వదిలేస్తే తగ్గుతాయి.

ఇక్కడ మాత్రం దొంగ అంచున ఉంది. వరుస తిప్పాక పైకెక్కడానికి వేసే చిన్న గొలుసును కొన్ని ప్యాటర్న్‌లు ఒక కుట్టుగా లెక్కిస్తాయి, కొన్ని లెక్కించవు. లెక్కిస్తే, పై వరుస చివరి కుట్టు ఆ గొలుసు కొసలోనే పడాలి. చూడ్డానికి అది కుట్టులా ఉండదు. ఆవిడ దాన్ని వదిలేయడంతో వరుసకొక కుట్టు చొప్పున మాయమైంది. వాఫిల్ సాగేది మూడేసి కుట్లుగా, చివర్లో ఆ లెక్క కుదరకపోతే ఆవిడ ‘సర్దుబాటు’ చేసి తిప్పేసేది, బ్యాంకులో తేడా వస్తే సస్పెన్స్ అకౌంట్లో పడేసి మర్నాడు వెతికినట్టు. దుప్పటికి ఆ మర్నాడు రాలేదు.

నరసాపురం నుంచి పెద్దమ్మ కూతురు వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు 19వ శతాబ్దం నుంచీ క్రోషియా లేసు అల్లుతున్నారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. ఆ అక్క కాగితం అడగలేదు, అంచు పట్టుకుని చూసింది.

“ఏంటే ఇది, చివరి కుట్టు ఎప్పుడైనా వేశావా?”

“ప్యాటర్న్‌లో రాయలేదక్కా.”

“రాయకపోతే కళ్లు లేవా?”

క్రోషియాలో ఒక సుఖముంది. సూది మీద నిలిచేది ఒకే ఉచ్చు. దారం లాగితే కావాల్సిన చోటి వరకే విడిపోతుంది, నిట్టింగ్‌లోలా పక్క కుట్లు జారిపోవు. ఆ సుఖాన్ని ఆవిడ ఆదివారమంతా అనుభవించింది. తీరా సరైన వెడల్పుకు ఊలు చాల్లేదు. గట్ల అల్లిక అసలే ఊలు ఎక్కువ తింటుంది. అదే కంపెనీ, అదే షేడు చూసి కొత్త ఉండలు తెస్తే, లేబుల్ మీద డై లాట్ (రంగు వేసిన విడత) నంబరు వేరు. పగటి వెలుగులో చార కొట్టొచ్చినట్టు కనిపించింది. “పాతదీ కొత్తదీ రెండేసి వరుసలు మార్చి మార్చి వెయ్యి, కలిసిపోతుంది” అంది అక్క. చాలావరకు కలిసిపోయింది.

ఇప్పుడు ప్రతి వరుసకూ మొదటి కుట్టుకొక పిన్నీసు, చివరి కుట్టుకొక పిన్నీసు. లెక్క సరిపోతేనే తిప్పడం. మధ్యలో ఫోన్ మోగితే హలో బదులు “ఎనభై ఏడు” అంటోంది. పెళ్లికి బయల్దేరుతూ కోడలు పిన్నీసుల డబ్బా తెరిస్తే ఖాళీ.

“అత్తయ్యా, కుచ్చిళ్లకు రెండైనా ఇవ్వండి.”

“ఈ వరుస అయ్యేదాకా ఆగమ్మా.”