మోరోవర్ మాహాత్మ్యం

ఇంగ్లిష్‌లో వ్యాసం రాయాలంటే విషయం తెలిసుండాలని వెనకటివాళ్లు అమాయకంగా అనుకునేవారు. ఇప్పుడు ఒక పేజీ లిస్టు ఉంటే చాలు. అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లోకెళ్లి విదేశాలకెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష పేరు చెప్పి ‘ఐఈఎల్‌టీఎస్ మెటీరియల్’ అనండి. జిరాక్స్ షాపు కుర్రాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే స్పైరల్ బైండింగ్ చేతిలో పెడతాడు. అందులో ఒక పేజీకి ‘లింకర్స్’ అని పేరు. కొన్నవాళ్లు మిగతా పుస్తకం తెరిచినా తెరవకపోయినా, ఈ పేజీ మాత్రం విష్ణు సహస్రనామంలా కంఠతా పడతారు.

మా మేనల్లుడి దగ్గర ఆ పేజీ చూశాను. గళ్లు గీసి ఉంది. కలపడానికి: మోరోవర్, ఫర్దర్‌మోర్, ఇన్ అడిషన్. కాదనడానికి: హౌఎవర్, నెవర్‌దిలెస్, ఆన్ ది కాంట్రరీ. తేల్చడానికి: హెన్స్, దస్, కాన్సిక్వెంట్లీ. ముగించడానికి: టు కన్‌క్లూడ్, ఇన్ ఎ నట్‌షెల్. ఒక్కో మాట పక్కన పెన్నుతో చుక్కలు పెట్టాడు. ఆ పరీక్షలో మార్కుల్ని బ్యాండ్లంటారు. ఒక చుక్కంటే ఆరో బ్యాండ్, మూడు చుక్కలంటే ఎనిమిదో బ్యాండ్. నెవర్‌దిలెస్‌కి మూడు చుక్కలు. అండ్, బట్, సో అనే మూడింటినీ నిలువునా కొట్టేశాడు. అవి మోటు మాటలని సారు చెప్పారట.

“ఇవన్నీ దేనికిరా?” అన్నాను.

“వాక్యాలు కలపడానికి మావయ్యా.”

“ఏ వాక్యాలు?”

“అవి ఎగ్జామ్ హాల్లో వస్తాయి.”

వాడి ప్రాక్టీస్ వ్యాసం కూడా చూపించాడు. ఊళ్లో ట్రాఫిక్ తగ్గాలంటే ప్రభుత్వం రోడ్లు వెయ్యాలా, బస్సులు పెంచాలా అన్నది ప్రశ్న. ఒక పేరా తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ‘ఫస్ట్ అండ్ ఫోర్‌మోస్ట్, ఊళ్లో కార్లు ఎక్కువయ్యాయి. మోరోవర్, పొగ ఎక్కువైంది. ఫర్దర్‌మోర్, పొగ ఆరోగ్యానికి మంచిది కాదు. హెన్స్, బస్సులు మంచివి. ఆన్ ది కాంట్రరీ, మెట్రో కూడా మంచిదే. నెవర్‌దిలెస్, ప్రభుత్వం ఆలోచించాలి.’ బస్సు మంచిదైతే మెట్రో మంచిది కావడంలో కాంట్రరీ ఏముందిరా అంటే, “వరసగా రెండు మోరోవర్‌లు పెడితే రిపిటీషన్ అంటారు మావయ్యా, అందుకని మార్చాను” అన్నాడు. విషయానికి విషయం అడ్డు తగలక్కర్లేదు, మాటకి మాట మారితే చాలు.

ఈ లింకర్లు పెళ్లిళ్ల పేరయ్యల్లాంటివి. అబ్బాయి చదువేమిటో అమ్మాయి ఇష్టమేమిటో పేరయ్యకి అనవసరం. రెండు జాతకాలు చంకలో ఉంటే మూడో రోజుకల్లా పీటల మీద కూర్చోబెడతాడు. ‘మెట్రో కూడా మంచిదే’కీ ‘ప్రభుత్వం ఆలోచించాలి’కీ మధ్య నెవర్‌దిలెస్ చేసిన పని అదే. కాపురం ఎలా ఉందన్నది ఎగ్జామినర్ చూసుకోవాలి.

ఆ ఎగ్జామినర్ ఏం చూస్తాడన్నదేమీ దేవరహస్యం కాదు. ఐఈఎల్‌టీఎస్ రాత పరీక్ష రెండో టాస్క్‌లో కనీసం 250 మాటలు రాయాలి, దానికి 40 నిమిషాలు తీసుకోమంటారు. మార్కులు నాలుగు అంశాలకి సమానంగా పంచుతారు. వాటిలో ఒకటి, వ్యాసం పొందికగా సాగిందా, వాక్యాలు ఒకదాన్నొకటి అందుకున్నాయా అన్నది. ఏ బ్యాండ్‌కి ఏం కావాలో పరీక్ష పెట్టేవాళ్లే కాగితం మీద పెట్టి అందరికీ చూపించారు. తొమ్మిదో బ్యాండ్ రావాలంటే వాక్యాల అతుకు చదివేవాడి కంట్లో పడకూడదు. ఏడో బ్యాండ్‌లో లింకర్లు కాస్త ఎక్కువో తక్కువో అయితే సర్దుకుంటారు. ఆరుకొచ్చేసరికి అతుకులు యాంత్రికంగా ఉండొచ్చు. లింకర్లు తప్పుగా, అతిగా వాడితే ఐదు. మూడు చుక్కల మాటల్ని వాక్యానికొకటి చొప్పున దిగ్గొట్టినవాడు ఎక్కడ తేలతాడో మీరే లెక్కేసుకోండి. ఐదో బ్యాండ్‌కి నేరుగా దింపే బస్సుకి ఎనిమిదో బ్యాండ్ బోర్డు తగిలించి మనవాళ్లు టికెట్లు కొడుతున్నారు.

కోచింగ్ వాళ్లని పూర్తిగా తిట్టడానికి నాకు మనసొప్పదు. మూడు వారాల బ్యాచ్. ఎదురుగా నలభై మంది. వీళ్లలో సగం మందికి ప్రజారవాణా గురించి ఉన్న అభిప్రాయం ‘బస్సులో సీటు దొరకదు’ అన్నదొక్కటే. నిజానికి అది బంగారం లాంటి అభిప్రాయం. సీటు ఎందుకు దొరకదు, దొరికితే బండి ఇంట్లో పెట్టి వస్తారా, రాకపోతే ఎందుకు రారు అని లాగితే 250 మాటలేం ఖర్మ, వెయ్యి వస్తాయి. లాగడానికి టైమేదీ? ఆలోచన మూడు వారాల్లో మరగదు. మోరోవర్ మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది.

పైగా ఈ భక్తి మనకొక్కళ్లకే ఉందనుకుంటే పొరపాటు. అమెరికాలో వ్యాసాలకి మార్కులు వేసే సాఫ్ట్‌వేర్లు వచ్చి చాలా కాలమైంది. జీమ్యాట్ పరీక్షలో 1999 నుంచే మనిషితో పాటు యంత్రం కూడా వ్యాసం దిద్దింది. ఎంఐటీలో రాత పాఠాలు చెప్పిన లెస్ పెరెల్మన్‌కి ఇది నచ్చలేదు. యంత్రానికి పొడుగు మాటలూ పొడుగు వాక్యాలూ ఇష్టమనీ, మోరోవర్ లాంటివి కనిపిస్తే లోతైన ఆలోచన అనుకుని మురిసిపోతుందనీ ఆయన వాదన. ఊరికే వాదించలేదు. 2014లో కొందరు విద్యార్థులతో కలిసి బేబెల్ అనే ప్రోగ్రామ్ తయారుచేశాడు. దానికి రెండు మూడు మాటలిస్తే చాలు, వ్యాకరణం సరిగ్గా ఉండి అర్థం సున్నా అయిన వ్యాసం క్షణంలో కక్కేస్తుంది. దాన్ని మార్కులేసే ఒక సాఫ్ట్‌వేర్‌కి పెడితే ఆరుకి 5.4 వచ్చాయి. ఆ వార్త మన అమీర్‌పేటకి చేరలేదు గానీ, చేరుంటే పెరెల్మన్ గారి ఫొటోకి దండేసి ‘గెస్ట్ ఫ్యాకల్టీ’ అని ఫ్లెక్సీ కట్టేవాళ్లు.

వాక్యాలు ఎలా అతుక్కుంటాయన్నది శాస్త్రంగా చూసినవాళ్లూ ఉన్నారు. మైకేల్ హాలిడే, రుకైయా హసన్ 1976లో దీని మీద ఇంగ్లిష్‌లో పెద్ద పుస్తకమే రాశారు. హసన్ గారు పుట్టింది మన ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్‌లో. వాళ్లిద్దరూ భార్యాభర్తలు కూడా. ఆ సంబంధం ఏ ఫర్దర్‌మోర్ కుదిర్చిందో నాకు తెలియదు. వాళ్ల లెక్కలో అతుకులు ఐదు రకాలు. ముందు చెప్పినదాన్ని ‘అతను’, ‘అది’ అంటూ చూపించడం ఒకటి, మాటకి బదులు మాట పెట్టడం ఒకటి, తెలిసిందే కదా అని వదిలెయ్యడం ఒకటి, అదే మాటనో దాని చుట్టాన్నో మళ్లీ వాడటం ఒకటి. మన లింకర్లది మిగిలిన ఆ ఒక్క గది. ఐదు గదుల ఇంట్లో నాలుగింటికి తాళమేసి, వచ్చిన చుట్టాలందర్నీ వరండాలో పడుకోబెడుతున్నాం. ‘అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి’ అన్న సామెత మన మేనల్లుళ్ల చేతిలో పడితే మధ్యలో ఆన్ ది అదర్ హ్యాండ్ పెట్టి, చివర హెన్స్ మార్కెట్ యార్డు అని తేల్చేస్తారు.

అసలు ఈ జబ్బు స్కూల్లోనే అంటుకుంది. నేను చదివిన గ్రామర్ పుస్తకాల్లో ఒక బిట్టు తప్పకుండా ఉండేది. అతను పేదవాడు. అతను నిజాయితీపరుడు. ఈ రెండు వాక్యాలనీ ‘దో’ వాడి కలపండి. ‘దో హి ఈజ్ పూర్, హి ఈజ్ ఆనెస్ట్’ అని రాసి మార్కు కొట్టనివాళ్లు మా బ్యాచ్‌లో లేరు. పేదవాడైనా నిజాయితీపరుడు. ఆ ‘అయినా’ ఏం ఒప్పిస్తోందో మాలో ఎవ్వరికీ తట్టలేదు, చెప్పిన మేస్టారికీ తట్టలేదు. ఆయన జీతం మూడు నెలలకోసారి వచ్చేది. పేదవాడంటే మామూలుగా చేతివాటం ఉన్నవాడేననీ, ఇతనొక్కడు దారి తప్పి మంచివాడయ్యాడనీ ఆయనే మాచేత సంతకం పెట్టించాడు. అవే రెండు వాక్యాల్ని ఇటు తిప్పి, నిజాయితీపరుడు కాబట్టి పేదవాడు అని కలిపుంటే, రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేసి వట్టి చేతులతో రిటైరైన మా ఎదురింటి పెద్దాయన లేచొచ్చి చప్పట్లు కొట్టేవాడు. ధనవంతుడైనా నిజాయితీపరుడు అన్న వాక్యాన్ని కలపమని మాత్రం ఏ పుస్తకమూ మమ్మల్ని అడగలేదు. దానికి ఏ లింకరూ సరిపోదని కాబోలు.

ఆ బిట్టు ఇప్పటికీ ఇళ్లల్లో నడుస్తూనే ఉంది. ఆడపిల్ల అయినా బాగా చదువుతుంది. గవర్నమెంటు స్కూలైనా ర్యాంకు వచ్చింది. పల్లెటూరి వాడైనా ఇంగ్లిష్ దంచేస్తాడు. అన్నీ మెచ్చుకోళ్లే, అన్నింట్లోనూ ‘అయినా’ దగ్గరే చెంపదెబ్బ. చిన్న మాటే, అభిప్రాయం మొత్తం అక్కడే కూర్చుంటుంది. అదే మోరోవర్ అయితే అభిప్రాయం ఉండక్కర్లేదు, రెండో వాక్యం ఉంటే చాలు. జనానికి మోరోవర్ మీద ఎందుకంత ప్రేమో అర్థమైందనుకుంటాను.

మేం పత్రికలవాళ్లం నీతులు చెప్పేముందు మా వాకిలి చూసుకోవాలి. ‘కాగా’, ‘ఇదిలా ఉండగా’ లేకపోతే జిల్లా పేజీ నిలబడదు. గేదెను ఢీకొని బైక్ బోల్తా, కాగా మంత్రి రేపు పర్యటిస్తారు. గేదెకీ మంత్రికీ ఏమిటని అడక్కూడదు. ఇవి ఎవరికీ హాని చెయ్యవు. హాని చేసేది ‘ఈ నేపథ్యంలో’. ఫలానా నాయకుడు ఫలానా కాంట్రాక్టరుతో భోజనం చేశారు. ఈ నేపథ్యంలో టెండరు ఖరారైంది. భోజనం వల్ల ఖరారైందని మేం అన్నామా? అనలేదు. కాదన్నామా? అదీ లేదు. లాయర్ నోటీసు వస్తే నేపథ్యం వెనక దాక్కుంటాం. ‘వల్ల’ అని రాయాలంటే ఆధారం కావాలి, ‘నేపథ్యం’ అంటే పత్రికకి ఖర్చు లేదు. టీవీ వాళ్లకి ఈ మాత్రం కష్టం కూడా లేదు, మధ్యలో ఒక దడదడ చప్పుడు వేస్తే వాక్యాలు వాటంతటవే అతుక్కుంటాయి.

ఈ విద్యలన్నీ కలిసి పాకాన పడేది ఎస్ఓపీలో. అమెరికాలో ఎం.ఎస్. చదవాలంటే నేనెవరు, ఎందుకు వస్తున్నాను అని ఒక వ్యాసం పంపాలి. మనవాళ్లది కన్సల్టెన్సీ వాళ్లు రాసిపెడతారు. నాకు చూపించిన ఒకటి ఇలా నడిచింది: చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి చూశాను. సిన్స్ దెన్, యంత్రాలంటే నాకు మక్కువ. ఇన్ అడిషన్, ఇంజనీరింగ్‌లో 68 శాతం. హెన్స్, మీ ఘనమైన విశ్వవిద్యాలయంలో డేటా అనలిటిక్స్. ఆ హెన్స్ ఎంత దూరం గెంతిందో చూడండి. రేడియో దగ్గర బయల్దేరి టెక్సాస్‌లో దిగింది. ఈ అబ్బాయి పుట్టేనాటికి వాళ్లింట్లో రేడియో లేదు, ఆ మాట వాళ్లమ్మే చెప్పింది. అసలు కారణం వేరు. వాళ్ల పెదనాన్న కొడుకు డాలస్‌లో ఉన్నాడు, ఆ కాలేజీకి ఫీజు తక్కువ, ఇద్దరు రూమ్మేట్లు ముందే కుదిరారు. ఇవి రాస్తే ఒక్క లింకరూ అక్కర్లేదు, ఏది ఎందుకో చదివినవాడికి ఇట్టే తెలుస్తుంది. అందుకే రాయలేదు.

వ్యాసాన్ని చదివేవాడు ఎదురుగా ఉండడు కాబట్టి ఇన్నాళ్లూ గడిచిపోయింది. వీసా కిటికీ దగ్గర అలా కాదు. అద్దానికవతల మనిషి ఉంటాడు, వింటాడు, మధ్యలో అడ్డుపడతాడు. 2023లో నానక్‌రామ్‌గూడకి మారిన అమెరికా కొత్త కాన్సులేట్‌లో మన రేడియో అబ్బాయి వంతు వచ్చింది. చదువు ఖర్చు ఎవరు పెడుతున్నారని అడిగాడు ఆఫీసరు. మా నాన్న అంటే సరిపోయేది. మనవాడు గొంతు సవరించుకుని, ఫస్ట్ అండ్ ఫోర్‌మోస్ట్ మా నాన్నగారు అన్నాడు.

ఆఫీసరు కీబోర్డు మీంచి చేతులు తీసి, మరి సెకండ్ ఎవరన్నాడు.

సెకండ్ ఉన్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో బ్యాలెన్స్ కనపడటం కోసం నెల రోజులకి ఇరవై లక్షలు సర్దిన కన్సల్టెన్సీ ఆయన. ఎవరడిగినా ఆ పేరు ఎత్తొద్దని నాలుగు సార్లు చెప్పి పంపించారు. కానీ ఫస్ట్ అన్నాక సెకండ్లీ రాకపోతే బ్యాండ్ తగ్గుతుందని మూడు వారాలు కంఠతా పట్టిన పిల్లాడు. చెప్పేశాడు.