మలేషియా బోలే... మరమేకు తప్ప

మలయ్ భాషలో 'బోలే' అంటే కుదురుతుంది, చేయగలం అని. తొంభైల్లో ఈ దేశమంతా ఊగిపోయిన నినాదం 'మలేషియా బోలే'. జంట గోపురాలు కట్టడం బోలే. ఎవరెస్టు ఎక్కడం బోలే, 1997లో ఎక్కారు కూడా. ఒక్క పని మాత్రం 'తక్ బోలే', ససేమిరా కుదరదు. అరచేతిలో పట్టే ఆటపెట్టె వీపు మీదున్న నాలుగు మరమేకులు విప్పడం.

కౌలాలంపూర్‌లో లోయాట్ ప్లాజా అని ఓ ఎలక్ట్రానిక్స్ బజారుంది. అక్కడ మూడు కాళ్ల మేకుకు సరిపోయే స్క్రూడ్రైవర్ అడిగితే, కొట్లో కుర్రాడు నా వైపు జాలిగా చూశాడు. "పెట్టె పనిచేస్తోంది కదా అంకుల్, ఎందుకు విప్పడం?" అన్నాడు. పాడైపోయినవాణ్ణే కోస్తారని వాడి నమ్మకం. ఇందులో మలేషియా ఎంతుందో చూద్దామని, అన్నాను. పిచ్చి ముసలాయనకు బేరమాడే ఓపిక ఉండదనుకున్నాడేమో, అడిగినంతా తీసుకున్నాడు.

నా చేతిలో ఉన్నది 2017 నాటి నింటెండో స్విచ్. సెకండ్‌హ్యాండ్ సరుకు, దాని వారంటీకి ఏనాడో తద్దినం పెట్టేశారు. వెనక నాలుగు మూలలా నాలుగు మేకులు, ఒక్కోదాని నెత్తిన మూడు కాళ్ల నక్షత్రం. ఏ ఇంట్లోనైనా మేకులూ టేపులూ పెట్టుకునే డబ్బాలో దొర్లే స్టార్ స్క్రూడ్రైవర్ ఇక్కడ తల వంచుకోవాల్సిందే. సరే, కొత్తది పెట్టి తిప్పాను. తీరా లోపలికెళ్తే మిగతా మేకులన్నీ మామూలు స్టారువే! సింహద్వారానికి ఏడు తాళాలు, లోపలి గదులకు ఉత్త గడియలు. అంటే ఆ మూడు కాళ్ల మేకు పెట్టెను బిగించడానికి కాదు, మనల్ని బయట నిలబెట్టడానికి.

లోపల ఓ రేకు. రేకు కింద బూడిదరంగు ముద్ద, దాని కింద వంకర తిరిగిన రాగి గొట్టం, రూపాయి బిళ్లకు పెద్దన్నలాంటి ఫ్యాను. 4310 ఎంఏహెచ్ బ్యాటరీ జిగురుతో అతుక్కుని కూర్చుంది. పెట్టెలో అన్నిటికంటే ముందు చచ్చేది అదేనని అందరికీ తెలుసు, అందుకే కాబోలు దాన్నే గట్టిగా అంటించారు. భూతద్దం పెట్టి చిప్పుల మొహాలు చదివాను. అమెరికా కంపెనీలు, కొరియా కంపెనీ, తైవాన్ కంపెనీ, ఫ్రాన్సూ ఇటలీ కలిసి పెట్టుకున్న కంపెనీ. వీపు మీద చైనా ముద్ర. నా భూతద్దానికి మలేషియా అన్న ముక్క ఒక్కటీ దొరకలేదు.

మరి 2020 మార్చి 18న కొవిడ్ భయంతో మలేషియా తలుపులు మూసుకుంటే ఇదే ఆటపెట్టె ఎందుకు కరువైందంటారు? అప్పట్లో పత్రికలు చెప్పిన కారణాల్లో ఒకటి: మలేషియాలో, ఫిలిప్పీన్స్‌లో విడిభాగాల తయారీ ఆగిపోయింది. పేరు కనబడని దేశం గొళ్లెం పెట్టుకుంటే లోకమంతా పిల్లలు ఏడ్చారన్నమాట.

అసలు కథ 1972లో మొదలైంది. పెనాంగ్ ముఖ్యమంత్రి లిమ్ చోంగ్ యూ బయాన్ లెపాస్ పొలాల్లో స్వేచ్ఛా వాణిజ్య మండలి తెరిచారు. ఇంటెల్, ఏఎండీ, హ్యూలెట్ ప్యాకర్డ్, హిటాచీ, బాష్ లాంటి ఎనిమిది కంపెనీలొచ్చాయి. వాటికి పెట్టిన ముద్దుపేరు 'ఎనిమిది సమురాయ్‌లు'. కత్తి పట్టిన వీరులు! ఆ వీరుల కోసం పల్లెల నుంచి వచ్చి, రోజంతా మైక్రోస్కోపులో కళ్లు దూర్చి, తలవెంట్రుక కంటే సన్నని బంగారు తీగను చిప్పుకు అతికించిన అమ్మాయిలకూ ఓ పేరు పెట్టారు, 'మీనా కరన్' అని. కరన్ అంటే మన కరెంటే. కరెంటు పిల్లలు అని వీధిలో ఎగతాళి. కంపెనీకి బిరుదు, కూలికి వెక్కిరింత. వాళ్లకు దేశమంతటికీ ఒక్క కార్మిక సంఘం పెట్టుకునే వీలు కూడా దశాబ్దాల పాటు ఇవ్వలేదు. మర తెరవకూడదు, నోరు తెరవకూడదు.

ఇది మనవాళ్లకు తెలియని పాఠమేం కాదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రబ్బరు చెట్లకు తెల్లారకముందే గాటు పెట్టిన తాతల పేరు ఏ టైరు మీద ఉంది కనక? నేడు ప్రపంచంలో చిప్పుల ప్యాకింగు, పరీక్షల పనిలో దాదాపు 13 శాతం ఈ దేశానిదే. లేబుల్ మాత్రం చివరి మేకు తిప్పినవాడిది.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయండీ. మలేషియా 1999 వినియోగదారుల రక్షణ చట్టం చక్కటి మాటే చెప్పింది: కొన్న వస్తువుకు రిపేరు సదుపాయం, విడిభాగాలు సబబైన కాలం వరకు దొరకాలి. వెంటనే మరో మాట కలిపింది: దొరకవని అమ్మే ముందే చెప్పేస్తే ఆ పూచీ ఉండదు. విందుకు పిలిచి, వంట చెయ్యలేదని గుమ్మంలోనే చెబితే తప్పు లేదన్నట్టు. అమెరికాలో 2018లో అక్కడి వాణిజ్య కమిషన్, బయటి సరుకు వాడినా, స్టికర్ చించినా వారంటీ పోతుందనే బెదిరింపులు చెల్లవని ఆరు కంపెనీలకు లేఖలు రాసింది. వాటిలో నింటెండో, సోనీ, మైక్రోసాఫ్ట్ ఉన్నాయి. వాల్వ్ కంపెనీది ఇంకో తరహా. 2021లో తన ఆటపెట్టె స్టీమ్ డెక్‌ను తనే విప్పి వీడియోలో చూపిస్తూ, ఇది మీ సొత్తు, విప్పే హక్కు మీకుంది, కానీ దయచేసి విప్పకండి అంది. అత్తగారు కోడలికి తాళంచెవి ఇచ్చి, బీరువా మాత్రం ముట్టుకోకమ్మా అన్నట్టు లేదూ?

పాపం, ఈ పెట్టెకూ స్వేచ్ఛ దొరికే రోజొకటుంది. చచ్చాక. 2018లో చైనా విదేశీ చెత్తకు తలుపు మూశాక ఆ ప్రవాహం మలేషియా వైపు తిరిగింది. పోర్ట్ క్లాంగ్ రేవులో లోహపు తుక్కని రాసి ఉన్న కంటైనర్లు తెరిస్తే ఎలక్ట్రానిక్ చెత్త బయటపడ్డ సందర్భాలున్నాయి. దొంగచాటు షెడ్లలో దాన్ని సుత్తితో పగలగొట్టి, బోర్డులు కాల్చి, పొగ పీల్చి రాగీ బంగారం ఏరుతారు. అక్కడ మూడు కాళ్ల మేకు ఎవరికీ అడ్డు రాదు. బతికున్నప్పుడు ఒడుపుగా విప్పితే నేరం, చచ్చాక సమ్మెటతో బాదితే వ్యాపారం. ఏ పెనాంగ్ అమ్మాయో అతికించిన బంగారు తీగ, ఏ వలస కూలీయో కాల్చే మంటలో తిరిగి మలేషియా చేరుతుంది. పేరు లేకుండానే.

నా పెట్టెను మళ్లీ బిగించాను, పనిచేస్తోంది. ఆ స్క్రూడ్రైవర్‌కు, బేరమాడకపోయినా, మూడు గ్లాసుల తే తారిక్ చాయ్ ఖరీదు కంటే ఎక్కువేం కాలేదు. ఇంట్లో ఓ ఆటపెట్టె ఉంటే మీరూ ఒకటి కొనండి. విప్పేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.