రోడ్డు అడిగింది నేనే

మా కాలనీకి సీసీ రోడ్డు వేయించింది నేనే. నాలుగేళ్లపాటు ఈ మాట ఎక్కడ కూర్చున్నా చెప్పుకున్నాను. ఇప్పుడు అదే మాట తప్పు ఒప్పుకోవడానికి రాస్తున్నాను.

హైదరాబాద్ తూర్పు శివారు మాది. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసినప్పుడు మేమూ నగరంలో కలిశాం. పేరుకు నగరమే గానీ మా వీధిలో మాత్రం మట్టే. వానాకాలం వస్తే స్కూలు ఆటో మలుపు దగ్గరే ఆగిపోయేది. పిల్లల్ని చంకనేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లం. 2016 ఫిబ్రవరిలో కార్పొరేషన్ ఎన్నికలు వచ్చేసరికి నేను కాలనీ సంఘానికి కార్యదర్శిని. ఓటర్ల జాబితా ప్రింటు తీయించాను. ఇల్లిల్లూ తిరిగి ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టాను. మొత్తం రెండొందల పైచిలుకు ఓట్లు. ఓట్లడగడానికి ఏ పార్టీ వాళ్లు వచ్చినా కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, ఒకటే చెప్పాను: రోడ్డు ఎవరు వేయిస్తే ఓట్లన్నీ వాళ్లకే.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం నీళ్ల ట్యాంకు దగ్గర మీటింగు పెట్టుకున్నాం. బర్రెలు తోలుకుపోతున్న ఓ ముసలాయన ఆగి మా మాటలు విన్నాడు. మా ఇళ్లున్న చోట ఒకప్పుడు వరి పండించిన మనిషి. కట్టె నేలకానించి అన్నాడు:

“సారూ, గిది అలుగు వారే తొవ్వ. పైన చెర్వు నిండితె నీళ్లు గిట్లనే వస్తయి. మీరు రోడ్డు ఏసుకోండ్రి, వద్దంటలేను. నీళ్లకు తొవ్వ ఇడువుండ్రి.”

తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు. ఆయన చెప్పింది నాకు అక్షరం అక్షరం అర్థమైంది. ఎందుకంటే నా రిజిస్ట్రేషన్ కాగితంలో, హద్దులు రాసిన చోట, ‘పడమర: కాలువ’ అని ఉంది. ప్లాటు కొన్ననాడే చూశాను. అమ్మినాయన్ని అడిగాను కూడా. ఎప్పుడో ఎండిపోయిన కాలువ, ఇప్పుడది ఇరవై అడుగుల బాట అన్నాడు. గజం ధర పక్క వెంచర్ కన్నా తక్కువ. ఎందుకు తక్కువో ఆలోచించాల్సిన నేను, తక్కువకు వచ్చిందని సంబరపడ్డాను. కాగితం బీరువాలో పెట్టి తాళం వేశాను.

అందుకే ఆ సాయంత్రం ముసలాయన మాట పూర్తి కాకముందే అందుకున్నాను. “ఇప్పుడు కాలువ సంగతి ఎత్తితే రోడ్డు ఆగిపోద్ది. ముందు రోడ్డు పడనివ్వండి, మిగతాది తర్వాత చూసుకుందాం” అన్నాను. అందరూ తలూపారు. నా లోపలి భయం వేరు. కాలువ పేరెత్తితే సర్వే వాళ్లొస్తారు, గొలుసు పట్టి కొలుస్తారు, రాళ్లు పాతుతారు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే నిండుగా ఉన్నప్పటి నీటి హద్దు (ఎఫ్‌టీఎల్) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు ఏమీ కట్టకూడదని నిబంధన. ఆ టేపు నా గేటు దాటి లోపలికి వస్తే? ఈ ప్రశ్న మీటింగులో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నా భార్యకు కూడా చెప్పలేదు.

ఎన్నికలయ్యాక రోడ్డు పడింది. పాత బాటను తవ్వి చదును చేయకుండా దాని మీదే కాంక్రీటు పోశారు. పాత కాలువ ఆనవాలుగా మిగిలిన గాడిలో రెండడుగుల పైపు వేసి పూడ్చేశారు. కొబ్బరికాయ నేనే కొట్టాను. మా ఇళ్ల గడపల కన్నా రోడ్డు ఎత్తయిందని ఆ రోజే కంటికి కనిపించింది. ఎత్తుంటే బురద నిలవదు, మంచిదే అనుకున్నాను.

2020 అక్టోబర్ 13 రాత్రి నగరం మొత్తానికి గుర్తే. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులోనే 30 సెంటీమీటర్లు దాటింది వాన. ఈ నేల మీద చెరువులన్నీ గొలుసుకట్టువి. ఒకటి నిండితే అలుగు దూకి కిందిదానికి, అది నిండితే ఇంకా కిందికి, చివరికి మూసీలోకి. ఆ రాత్రి నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ మా వీధికే వచ్చాయి. రెండడుగుల పైపు వాటికి ఏ మూలకు? చెరువుకు కట్ట ఎలాగో మా ఇళ్లకు నేను వేయించిన రోడ్డు అలా అయింది. వచ్చిన నీళ్లను పోనివ్వకుండా నిలబెట్టింది.

మా ఎదురింట్లో కింది పోర్షన్‌లో ఒకామె అద్దెకుంటుంది. కుట్టుపని చేస్తుంది. నన్ను అన్నా అంటుంది. రెండో రోజు నీళ్లు తీశాక ఆమె గదిలోకి వెళ్లాను. మిషను మోటారులో మట్టి. బతుకమ్మ పండక్కి ఇవ్వాల్సిన జాకెట్లన్నీ నేల మీద కుప్ప. ఎర్ర గుడ్డ రంగు తెల్ల లైనింగులకు పట్టేసింది. ఒక్కో జాకెట్‌కు గుండుసూదితో కొలతల చీటీ గుచ్చి ఉంది. చీటీల మీద ఇంకు కరిగి నీలం మరకే మిగిలింది. ఏది ఎవరిదో, ఎవరి కొలత ఎంతో, ఆమె ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూస్తోంది.

“అన్నా, మొదట్ల వాన వడితె నీళ్లు వొయ్యేటియి గద. ఇప్పుడెందుకు నిలవడ్డయి?” అని అడిగింది.

“వాన చాలా ఎక్కువైందమ్మా” అన్నాను.

నా జీవితంలో అంత సులువుగా ఆడిన అబద్ధం, అంత బరువుగా మిగిలిన అబద్ధం మరొకటి లేదు.

రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 1న మళ్లీ ఎన్నికలు. మీసేవ కేంద్రాల ముందు 10 వేల వరద సాయం కోసం బారులు. ఎన్నికల కోడ్ వచ్చి అది ఆగింది. ఒకరు 25 వేలు ఇస్తామన్నారు, ఇంకొకరు నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితమన్నారు. అనుమతి లేని ప్లాట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ కోసం ఆగస్టు 31న వచ్చిన జీవో 131 మీద ఊరంతా మంట. అప్పుడైనా నేను కాలువ మాట ఎత్తాల్సింది. ఎత్తలేదు. సంఘం తరఫున మళ్లీ ఒక వినతిపత్రం రాశాను: ఎల్‌ఆర్‌ఎస్ రద్దు చేయాలి, సాయం అందరికీ ఇవ్వాలి. అందులో కాలువ, నాలా అనే మాటలే లేవు. బ్యాలెట్ కాగితం మీద ముద్ర వేసి వచ్చాను. నగరంలో సగం మంది కూడా ఓటు వేయలేదని ఆ సాయంత్రం టీవీలో చెప్తుంటే వాళ్లందరినీ తిట్టుకున్నాను. ఓటు వేసిన నేను చేసింది మాత్రం ఏముంది?

తర్వాత చాలా రోజులు ఆలోచించాను. అప్పుడు నగరానికి 150 డివిజన్లు. మా నీళ్లు పై డివిజన్ చెరువులో పుడతాయి, మా వీధిలోంచి పోయి ఇంకో డివిజన్‌లో తేలుతాయి. రోడ్డు, లైటు, పార్కులో బెంచీ ఒక డివిజన్ లోపల ముగిసే పనులు. నాలా వెడల్పు చేయాలంటే మూడు డివిజన్లు కూడాలి, కొన్ని గోడలు కూలాలి, నాలాంటి వాళ్ల ఓట్లు పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి. అడగాల్సిన మేమే అడగకపోతే ఆ పని ఎవరు నెత్తికెత్తుకుంటారు? 1908లో మూసీ ఊరిని ముంచితే, పిలిపించిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య మునిగిన వీధుల దగ్గర ఆగలేదు. ఊరికి ఎగువకు చూశారు, నీళ్లను అక్కడే పట్టి ఆపమన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. నేను నా గేటు దగ్గర్నుంచి పైకి కిలోమీటరు దూరం కూడా నడిచి చూడలేదు.

మొన్నామధ్య నడిచాను. చెరువు కట్ట దాకా వెళ్లి, అలుగు రాళ్లు చూసి, అక్కడినుంచి నీటి వాలు వెంబడి దిగుతూ వస్తే సరిగ్గా మా వీధి మొదట్లో తేలాను. ముసలాయన కోసం అడిగాను. లేడన్నారు.

ఇంటికొచ్చి బీరువా తెరిచి కాగితం తీసుకుని ఎదురింటికి వెళ్లాను. ఆమె మిషను ఆపింది. హద్దులు రాసిన లైను కింద వేలు పెట్టి చూపించాను. ముసలాయన చెప్పింది, నేను ఆపింది, ఆ రోజు ఆమెకు చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ మౌనానికి నేను అర్హుణ్నే. తర్వాత అడిగింది:

“మా ఓనరు కాయితంల గూడ గిట్లనే ఉంటదా?”

“ఈ వరసలో అందరి కాగితాల్లో ఉండాలమ్మా.”

లేచి, మెడలోని టేపు తీసి, గుమ్మం బయట గొంతుక్కూర్చుంది. టేపు ఒక కొస గడప అంచుకు సరిసమానంగా పట్టమని నాకిచ్చి, రెండో కొస రోడ్డు మట్టం దాకా లాగింది.

“పద్నాలుగు ఇంచులు అన్నా. రాసుకో.”