సీసాలో ఏమీ లేదనుకుంటారు

నన్ను వెలుతురుకెత్తి చూసినవాళ్ళు అడిగేది ఒకటే: "ఇందులో మందేదీ?" వాళ్ళననడానికి లేదు. అడుగున పలచటి తెల్లటి మరక తప్ప నాలో ఏమీ కనబడదు. ఆ మరకలోనూ చాలా భాగం ఉప్పు, మనిషి రక్తం నుంచి తీసిన అల్బుమిన్. అసలు సరుకు కొన్ని నానోగ్రాములే. ఒంటిమీద మాత్రం 100 యూనిట్లని రాసి ఉంటుంది. ప్రయోగశాలలో చిట్టెలుకల గుంపులో సగాన్ని చంపే మోతాదుకు ఒక యూనిట్ అని పేరు. ఇలాంటి కొలతతో అమ్మే మందు మీ ఇంటి బీరువాలో ఇంకోటి ఉండదు.

నేను బొటాక్స్ సీసాని. పుట్టింది ఐర్లండ్‌లోని వెస్ట్‌పోర్ట్‌లో. ఇప్పుడు ఉంటున్నది విజయవాడ సూర్యారావుపేటలో, ఒక పళ్ళ డాక్టరమ్మ ఫ్రిజ్‌లో. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పితే నాకు పడదు. మే నెలలో కరెంటు పోయినప్పుడల్లా ఇక్కడ నాకోసమే ముందు ఇన్వర్టర్ చూస్తారు.

మా వంశం గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. 1820 ప్రాంతంలో జర్మనీలోని వ్యుర్టెంబెర్గ్‌లో పాడైన సాసేజ్‌లు తిన్నవాళ్ళు చూపు మసకబారి, గుటక పడక, చివరికి ఊపిరాడక పోతుంటే యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు ఒక్కొక్కరి లక్షణాలూ రాసిపెట్టాడు. ఆయన కవి కూడా. ఆ సాసేజ్ సారాన్ని తన మీదే ప్రయోగించుకున్నాడు; కవులకే చెల్లే తెగింపు. అతి తక్కువ మోతాదులో ఆ విషం అదుపు తప్పిన నరాలను శాంతపరచవచ్చని కూడా ఊహించాడు. 1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్ళో అంత్యక్రియలకొచ్చిన బ్యాండువాళ్ళు పంది మాంసం తిన్నారు, ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసంలోనే ఆ విషాన్ని తయారుచేసే మా తల్లి బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. కెర్నర్ ఊహ మందుగా మారడానికి ఇంకో వందేళ్ళు దాదాపుగా పట్టిందనుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టరు అలన్ స్కాట్ మెల్లకన్ను సరిచేయడానికి మమ్మల్ని వాడి చూశాడు. 1989లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. 2002లో కనుబొమల మధ్య ముడతలకు అనుమతి వచ్చింది, ఇక అంతే, సినిమా పేజీల్లో పడ్డాం. దవడల దగ్గర మేం చేసే చాకిరీ గురించి రాసేవాళ్ళు లేరు.

ఇవాళ కుర్చీలో కూర్చున్నావిడ బ్యాంకు ఉద్యోగి. నిద్రలో పళ్ళు నూరుతుంది. పై దవడలో వేయించుకున్న క్యాప్ విరిగింది, కొత్తది వేస్తే అదీ విరిగింది. పొద్దున లేచేసరికి కణతలు పీకేస్తుంటాయట.

"మేడం, ఇది హీరోయిన్లు వేయించుకునేదే కదా? నా మొహం బిగుసుకుపోదుగా?"

"మొహానికి కాదమ్మా, దవడకి. గట్టిగా పళ్ళు బిగబట్టండి."

ఆవిడ బిగబట్టింది. రెండు చెంపల కింద కండరం నిమ్మకాయంత లేచింది. మాసెటర్ అంటారు దాన్ని. నమలడానికి దేవుడిచ్చిన ఆ బలమే రాత్రిళ్ళు ఆవిడ పళ్ళను అరగదీస్తోంది.

ఈ డాక్టరమ్మలో నాకు నచ్చేది, ముందుగా నన్ను బయటకు తీయకపోవడం. మొదట రాత్రిళ్ళు పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ చేయించి ఇచ్చింది. గురక ఉందా, కాఫీ ఎన్నిసార్లు, డిప్రెషన్‌కు మాత్రలేమైనా వాడుతున్నారా అని ఆరా తీసింది, వాటిలో కొన్నిటివల్ల కూడా పళ్ళు నూరడం వస్తుంది. ఇవాళ సూది పట్టేముందు గర్భం సంగతి, మయస్థీనియా లాంటి కండరాల జబ్బుల సంగతి, ఈమధ్య జెంటామైసిన్ యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేయించుకున్నారా అన్న సంగతి అడిగింది. పళ్ళు నూరడానికి నన్ను వాడమని ఎఫ్‌డీఏ ఏమీ ముద్ర వేయలేదనీ, ఇది డాక్టరు విచక్షణతో చేసే వైద్యమనీ దాచకుండా చెప్పింది. ఫీజు చెప్పి ఊరుకునేవాళ్ళు ఎక్కువైన ఈ రోజుల్లో ఇది తక్కువ మాటేం కాదు.

తర్వాత నాలోకి సెలైన్ వచ్చింది. లోపల గాలి లేదు గనక సూది దిగగానే నేనే దాన్ని లాక్కోవాలి. లాక్కోని సీసాను పారేయాల్సిందే. రెండున్నర మిల్లీలీటర్లు తాగాను. నన్ను గిలకొట్టకుండా నెమ్మదిగా తిప్పారు, మా ప్రొటీన్ అంత సున్నితం. చెవి దగ్గర్నుంచి పెదవి మూలకు ఊహించుకున్న గీతకు దిగువన, ఒక్కో చెంపలో మూడు చోట్ల, ఒక్కో చోట 8 యూనిట్లు. పైకి పోతే లాలాజల గ్రంథి జోలికి పోతాం, ముందుకు జరిగితే నవ్వే కండరం పడిపోయి మూతి వంకరపోతుంది.

లోపల నా పని చిన్నదే. నరం కొసన ఎసిటైల్‌కోలిన్ నిండిన బుడగలు ఉంటాయి. అవి బయటకు కుమ్మరిస్తేనే కండరం బిగుస్తుంది. కుమ్మరించడానికి కావలసిన స్నాప్-25 అనే ప్రొటీన్‌ను కోసేస్తాను. ఫలితం రెండు మూడు రోజులకు మొదలై, రెండు వారాలకు బాగా తెలుస్తుంది. ఆవిడ పళ్ళు నూరడం మానదు, నూరే బలం తగ్గుతుంది. మూడు నాలుగు నెలలకు నరం కోలుకుని మళ్ళీ మొదటికొస్తుంది. పదే పదే పొడిపించుకుంటూ పోతే కండరం సన్నబడుతుంది. ఒత్తిడి తగ్గిన దవడ ఎముక కూడా పలచబడుతుందా అన్నది పరిశోధకులు ఇంకా తేల్చలేదు. కాబట్టి నైట్ గార్డ్‌ను అటక మీద పడేయకూడదు.

"ఈ పూట చెంపలు రుద్దుకోవద్దు. కొన్నాళ్ళు ఆవకాయ టెంకలు కొరకడం మానండి, నమిలేటప్పుడు నీరసంగా అనిపిస్తుంది."

"మా అత్తగారు నమ్మరు మేడం," అని ఆవిడ లేచింది.

నాలో ఇంకా 52 యూనిట్లున్నాయి. కలిపిన మందు 24 గంటలే నిలవ గనక అదే రోజు ఇంకొకరిని రమ్మన్నారు. తల్లితో వచ్చిన ఆ అమ్మాయికి నవ్వితే చిగుళ్ళు బాగా కనిపిస్తాయి. పై పెదవిని లేపే కండరంలో ఒక్కో వైపు రెండు మూడు యూనిట్లు చాలు.

"పెళ్ళెప్పుడమ్మా?"

"ఈ ఆదివారమే."

డాక్టరమ్మ సిరంజి పక్కన పెట్టేసింది. "అప్పటికి మందు సరిగా పట్టదు. ఒక వైపు పట్టి ఒక వైపు పట్టకపోతే ఆల్బమ్ అంతా వంకర నవ్వే. పెళ్ళయ్యాక రా, తొందరేముంది?"

తల్లి చూపు నా మీదుంది. "కలిపేసిన మందు కదండీ, ఖరీదైందంటున్నారు. పోనీ నా ముడతలకి వేసేయరాదూ?"

"నేను పళ్ళ డాక్టర్నండీ," అని నన్ను బ్లీచింగ్ నీళ్ళ డబ్బా వైపు జరిపింది.