నింద మోసే ఉద్యోగం

వ్యాపారంలో కంప్యూటరు పని ముందుకు కదలడం లేదంటే చాలు, సలహా సిద్ధంగా ఉంటుంది: బయటి నుంచి ఒక టెక్నికల్ ప్రాజెక్టు మేనేజరును పెట్టుకోండి. లోపలివాళ్లు పాతికేళ్లుగా అక్కడే ఉన్నారు కాబట్టి వాళ్లకేమీ కనపడదట. ఆయన సోమవారం వస్తాడు కాబట్టి అన్నీ కనపడతాయట. ఈ లెక్కన కాపురాలు చక్కదిద్దడానికి పెళ్లికానివాళ్లనే పిలవాలి.

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణం ఉందనుకోండి. కొత్త సాఫ్ట్‌వేరు ఏడాదిగా వస్తూనే ఉంది. మేనేజరుగారు దిగారు. మొదటి వారం పరిచయాలు, రెండో వారం పరిచయాల మీద నివేదిక. రోజూ పొద్దున్నే పదిహేను నిమిషాల స్టాండప్ మీటింగు. నిలబడి మొదలై, కుర్చీలూ కాఫీలూ తెప్పించుకుని పదకొండింటికి ముగుస్తుంది. శుక్రవారం స్టేటస్ రిపోర్టు. ప్రోగ్రామర్ల దగ్గర ఎర్రగా ఉన్న గడి, టీమ్ లీడరు దగ్గర పసుపుకి తిరిగి, యజమాని బల్ల మీదికి చేరేసరికి పచ్చగా చిగురిస్తుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా, నెలాఖరుకు ఇన్వాయిసు మాత్రం ఠంచనుగా వస్తుంది.

ఈ మీటింగులకు పిలుపు లేనిది బిల్లింగు కౌంటర్లో గుమాస్తాకే. పది స్ట్రిప్పులకు ఒకటి ఉచితమనే స్కీము నడుస్తోందనీ, సున్నా ధర వేస్తే సాఫ్ట్‌వేరు ఒప్పుకోదు కనుక ఆ ఒక్కదానికీ పైసా వేసి బిల్లు కొడుతున్నాననీ, గడువు తీరి వాపసు వచ్చిన స్ట్రిప్పు డబ్బిచ్చి కొన్నదో ఉచితంగా వచ్చిందో బ్యాచ్ నంబరు చూస్తే తేలదనీ ఆయనకు తెలుసు. ప్రాజెక్టు మొత్తం చిక్కుపడింది ఆ పైసా దగ్గరే. చార్టులో మాత్రం ఆయన చిట్టచివర, 'యూజర్ ట్రైనింగ్' గడిలో ఉన్నాడు.

కౌంటరు వెనక రెండు రోజులు కూర్చునే మేనేజర్లు లేకపోలేదు. పాపం, టైమ్‌షీట్‌లో ఆ రెండు రోజులకు ఏం పేరు పెట్టాలో తెలియక అవస్థ పడుతుంటారు.

పని ఆలస్యమైతే ఇంకో నలుగురిని తెస్తారు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి మనుషుల్ని దింపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాశారు. ఐబీఎంలో ఓఎస్/360 తయారీ నడిపి, చేతులు కాల్చుకుని నేర్చిన పాఠం అది.

నిజానికి యజమాని డబ్బు పెట్టేది, రేపు బెడిసికొడితే నింద మోసే మనిషి కోసం. చిక్కేమిటంటే బయటివాళ్లు అదీ మోయరు.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2007లో ఒక బయటి కన్సల్టెంటు సలహా విని, తన శాఖల జీతాలు, పద్దుల కంప్యూటరు పనుల్ని ఒకే పెద్ద కంపెనీకి అప్పజెప్పింది. ఆ కంపెనీ ఐబీఎం. బ్రూక్స్ పాఠం నేర్చుకున్న చోటే. ఆ పనుల్లో ఆసుపత్రి సిబ్బంది జీతాల సాఫ్ట్‌వేరుకు మొదట అనుకున్న ధర 62 లక్షల డాలర్ల లోపు. షిఫ్టులు, రాత్రి డ్యూటీలు, ఓవర్‌టైము, 200కు పైగా అలవెన్సులు. పరీక్షల్లో తీవ్రమైన లోపాలు బయటపడితే వాటిని సరిచేసే శ్రమ ఎందుకని, వాటి తీవ్రతనే కాగితం మీద తగ్గించి రాసుకున్నారు. 2010 మార్చిలో వదిలారు. దాదాపు 80 వేల మంది సిబ్బందిలో కొందరికి జీతమే పడలేదు, కొందరికి తక్కువ పడింది. ఎక్కువ పడ్డవాళ్ల పని ఇంకా కష్టం, వసూళ్లు ఏళ్ల తరబడి సాగాయి. మొత్తం ఖర్చు 120 కోట్ల డాలర్లకు చేరుతుందని తేలింది.

2013లో విచారణ కమిషన్ నివేదిక ఇచ్చాక ప్రభుత్వం ఐబీఎం మీద కోర్టుకెక్కింది. కానీ 2010లోనే, ఇక మీ మీద దావాలు వేయబోమని తానే సంతకం పెట్టి ఉంది. 2015లో కోర్టు ఆ కాగితాన్నే చూపించింది. ఐబీఎం లాయర్ల ఖర్చు కూడా ప్రభుత్వం నెత్తినే పడింది.