కాంతిని సాగదీసిన గాజు తీగను

నేను వెంట్రుకంత సన్నని గాజు తీగను. పొడవు 1.4 కిలోమీటర్లు. 1985 నాటికి అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ లేజరు ప్రయోగశాలలో చుట్టగా ఉండేదాన్ని. పరిశోధక విద్యార్థిని డోనా స్ట్రిక్లాండ్, ఆమె గురువు జెరార్ మురూ నాకు అప్పగించిన పని కాంతి పల్సును సాగదీయడం.

వారికి కావలసింది బలమైన పల్సు. బలం పెంచాలంటే సాగదీయడమెందుకు? పొట్టి పల్సును ఉన్నదున్నట్టు పెంచబోతే, పెంచే గాజే దెబ్బతింటుంది. అందుకే ముందు నా దగ్గరికి పంపేవారు. వచ్చేటప్పుడు పల్సు 150 పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. నాలో దాని వర్ణపటం విస్తరించేది. పొడుగు తరంగాలు ముందు, పొట్టివి వెనక నడిచేవి. బయటికి వెళ్లేసరికి 300 పికోసెకన్లు! యాంప్లిఫయరు దాన్ని నిశ్చింతగా పెంచేది. ఆపైన కాంతిని తరంగాల వారీగా విడదీసే గ్రేటింగుల జత, వెనకబడ్డ తరంగాలను ముందువాటితో కలిపి 2 పికోసెకన్లకు కుదించేది. చేతికొచ్చిన శక్తి ఒక మిల్లీజౌలు.

మిల్లీజౌలు అంటే గ్రాము బరువును పది సెంటీమీటర్లు ఎత్తే పని, అంతే. దాన్నే బలమైన పల్సు అన్నారు, సరిగ్గానే అన్నారు. శక్తిని కాలంతో భాగించండి: 300 పికోసెకన్లలో అయితే 33 లక్షల వాట్లు, 2 పికోసెకన్లలో అయితే 50 కోట్ల వాట్లు. దీన్ని శిఖర సామర్థ్యం అంటారు. అదే పల్సు సెకనుకు పదిసార్లు వస్తే సగటు సామర్థ్యం వాటులో నూరోవంతే! రెండూ నిజాలే.

పరమాణువుకు మాత్రం ఇవేవీ పట్టవు. దానికి తెలిసింది తీవ్రత, అంటే చదరపు సెంటీమీటరుకు ఎన్ని వాట్లు అన్నది. ఆ 50 కోట్ల వాట్లను పది మైక్రాన్ల పొడవూ వెడల్పూ ఉన్న చోట పడేస్తే, తీవ్రత చదరపు సెంటీమీటరుకు అయిదు కోటి కోట్ల వాట్లు. అక్కడ పరమాణువు నుంచి ఎలక్ట్రాను ఊడివస్తుంది.

ఆ ఇద్దరికీ 2018లో నోబెల్ బహుమతిలో సగం దక్కింది. 2019లో రుమేనియాలోని మగురేలెలో ఇదే పద్ధతితో పది పెటావాట్లు, అంటే నూరు కోటి కోట్ల వాట్లు అందుకున్నారు. ఆ పల్సులో ఉన్నది కొన్ని వందల జౌళ్లే. కాబట్టి లేజరు వార్తలో వాట్ల అంకె కనిపిస్తే, అది ఎంతసేపు, ఎంత చోటులో అని తప్పక అడగండి.